గోహోన్ కుమితేలో ఎదురుగుద్దు అందట్లేదు

ప్రశ్న (మిర్యాలగూడ): షోటోకాన్ కరాటే నేర్చుకునే పిల్లలు గోహోన్ కుమితేల, అంటే ఒకడు కొట్టుకుంట ముందుకొస్తే ఇంకొకడు ఆపుకుంట వెనక్కి పోయే ఐదడుగుల జోడీ సాధనలో, మూడో అడుగుకే దూరమైపోతున్నరు. చివర వెనక్కి పోయేటోడు కొట్టే గ్యాకు జుకి (వెనక చేతి ఎదురుగుద్దు) జానెడు ముందే ఆగుతుంది. ఎక్కడ తప్పుతున్నదన్నా?

జవాబు 1: వెనక్కి పోయేటోడు భయానికి పెద్దడుగు వేస్తున్నడు. కొట్టేటోడి అడుగెంతో వాడిదీ అంతే ఉండాలె. మొదలు కుడికాలు వెనక్కి, ఎడమ చేత్తో ‘ఆగే ఉకే’ (ముంజెయ్యి పైకి లేపి మూతి మీదికొచ్చే గుద్దును ఆపుడు). కాలు ఆనేటప్పుడే చెయ్యి బిగవాలె. చెయ్యి ముందే లేపితే గుద్దు రాకముందే అడ్డు అయిపోతది, అంతే సంగతి.

జవాబు 2: కొట్టేటోడిని కూడా చూడుండ్రి. దోస్తని చెవి పక్కకు గుద్దుతరు. ఇగ ఆపేదేముంది? గురి మూతి మీదనే ఉండాలె. మొదట్ల మెల్లగ చేయించి, ఎదుటోడు కదలకపోతే పిడికిలి గదుమకు ఆనుతదా చూడాలె. ఆనకుంటే నిలబడ్డ దూరమే తప్పు.

జవాబు 3: ఐదో అడుగుల వెనక మడమ లేస్తే నడుము తిరగదు, గుద్దు పొట్టిదైతది. సాన్‌బోన్‌కు (మూడడుగుల జోడీ సాధన) తొందరపడకండి, అక్కడ మూడోది మాయె గెరి (ముందుకు తన్నే తన్ను).