విమానాల్లో ప్రత్యేక భోజనాలు తగ్గించడం సబబేనా?

కృష్ణాతీరం

మా అమ్మానాన్న మొన్న డిసెంబరులో శంషాబాద్‌లో ఎక్కి, గల్ఫ్ మీదుగా డాలస్ వచ్చారు. టికెట్లు కొన్న రోజే ఇద్దరి భోజనం సంగతీ చెప్పాను. అమ్మకి గుడ్డు కూడా తగలని శాకాహారం, నాన్నకి షుగర్ ఉన్నవాళ్లకిచ్చే భోజనం. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయింది. మర్నాటి విమానంలో సీట్లు ఇచ్చారు గానీ, ఆ కొత్త బుకింగ్‌లోకి భోజనం మాట ఎక్కలేదు.

దాదాపు పదహారు గంటల ప్రయాణం. అమ్మకి ఇంగ్లీషు రాదు. ట్రే మీద మూత తీస్తే ఆమ్లెట్ ఉందట. మళ్లీ మూత పెట్టేసి, సంచిలో ఉన్న రెండు బిస్కెట్ ప్యాకెట్లతో డాలస్ దాకా వచ్చింది. నాన్నకి తెల్లన్నం, కేకు ముక్క, జ్యూసు. ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో తేల్చుకోలేక సగం తిని వదిలేశారు. ఎయిర్‌పోర్టులో అమ్మ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఫిర్యాదు రాస్తే, ప్రత్యేక భోజనం 'విన్నపం' మాత్రమేనని, హామీ కాదని జవాబిచ్చారు. తిరుగు ప్రయాణానికి చూస్తే ఆ జాబితాలో సగం పేర్లు లేవు. షుగర్ భోజనం అసలే లేదు.

ఇది ఒక్క సంస్థ సంగతి కాదు. 2018 జూలైలో ఎమిరేట్స్ 'హిందూ మీల్' ఎత్తేస్తున్నామని ప్రకటించి, జనం గొడవ చేసేసరికి ఒక్క రోజులోనే వెనక్కి తగ్గింది. కోవిడ్ రోజుల్లో చాలా సంస్థలు భోజనాలు కుదించాయి. మతం వల్ల, ఆరోగ్యం వల్ల తినలేనివి ఉన్నవాళ్లకి ఇది సౌకర్యం కాదు, అవసరం. ఇన్ని గంటలు తలుపులు మూసి కూర్చోబెట్టేవాళ్లు మనిషి తినగలిగేది పెట్టాలి. మీరేమంటారు?

రన్‌వే27

అమ్మగారి సంగతి చదివి బాధేసింది. అయినా మీ మాటతో పూర్తిగా ఏకీభవించలేను.

మనకి టికెట్ చవగ్గా కావాలి. దేశంలో తిరిగే విమానాల్లో చాలావాటిలో తిండి డబ్బిచ్చి కొనుక్కోవాల్సిందే, అది మనమే ఒప్పుకున్నాం. 2017లో ఎయిరిండియా దేశీయ విమానాల ఎకానమీ తరగతిలో మాంసాహారం ఆపేసినప్పుడు చెప్పిన కారణాలు ఖర్చు, వృథా. అప్పుడు మాంసాహారులు ఇంట్లో తినొచ్చారు, ఎవరూ చచ్చిపోలేదు. అదే పని శాకాహారులు ఎందుకు చెయ్యకూడదు?

ఇంకో మాట. ప్రత్యేక భోజనం అందరికన్నా ముందు వస్తుందని, ఏ పట్టింపూ లేకపోయినా పెట్టించుకునేవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. అవతల ట్రాలీలో చికెన్ వాసన రాగానే అది కావాలంటారు. మొదటి ట్రే చెత్తలోకి పోతుంది. ఆ ఖర్చు మిగతా ప్రయాణికుల నెత్తినే పడుతుంది. చింతపండు పులిహోర రోజంతా నిలవ ఉంటుంది. కట్టుకెళ్లమనండి.

కాకినాడ కోడలు

రన్‌వే గారూ, పులిహోర ఒక పూటకి సరే. కాకినాడలో ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచి డాలస్‌లో ఇల్లు చేరేదాకా లెక్కేయండి, ఎన్ని పూటలు? పెరుగన్నం పులిసిపోతుంది. ఆవకాయలో నూనె ఉందని సెక్యూరిటీ దగ్గర ఆపుతారు. అమెరికాలో దిగేటప్పుడు దగ్గరున్న ప్రతి తినే వస్తువూ అధికారులకి చెప్పాలి. మొదటిసారి విమానమెక్కే అరవై ఏళ్ల ఆవిడ ఇవన్నీ ఎలా చూసుకుంటుంది?

అందరూ తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. 'హిందూ మీల్' అంటే శాకాహారం కాదు! మా అత్తగారికి నేనే ఆ పొరపాటు చేశాను. విమాన సంస్థలు దానికి పెట్టిన హెచ్‌ఎన్‌ఎంఎల్ అనే కోడ్‌లో గొడ్డుమాంసం ఉండదంతే. కోడి, మేక, చేప ఏదైనా రావచ్చు. మన ఇళ్లలో తినే శాకాహారం కావాలంటే ఏవీఎంఎల్ అడగాలి. వీఎల్‌ఎంఎల్‌లో పాలతో పాటు గుడ్డు ఉంటుంది. వీజీఎంఎల్‌లో పాలూ పెరుగూ కూడా ఉండవు. 2018లో ఎమిరేట్స్ మీద గొంతు చించుకున్న మా బంధువుల్లో సగం మంది శుద్ధ శాకాహారులు. ఎత్తేస్తున్నది మాంసం ఉన్న భోజనమని వాళ్లకి తెలియదు.

అంటే కోత ఒక్కటే తప్పు కాదు, పేర్లే మనిషిని తికమక పెడుతున్నాయి.

ఆర్మూర్ బిడ్డ

నేను పదేండ్ల సంది దుబాయ్‌ల పని చేస్తున్న. మా ముస్లింలకు గల్ఫ్ విమానాలల్ల ఇబ్బంది లేదు, కిచెనే హలాల్. వేరే కోడ్ ఎందుకు? కానీ అదే మనిషి యూరప్ పొయ్యే విమానం ఎక్కితే ఎంఓఎంఎల్, అంటే ముస్లిం మీల్ అని ముందుగాల చెప్పుకోవాల్సిందే. 2024 నవంబరుల ఎయిరిండియా గూడ అదే లెక్క పెట్టింది: ముందుగాల బుక్ చేసుకున్నోళ్ల ముస్లిం మీల్‌కే హలాల్ సర్టిఫికెట్, సౌదీ పొయ్యే విమానాలల్ల మాత్రం అన్నీ హలాల్. కొందరు దాన్ని మతం గొడవ చేసిన్రు. నాకైతే అది సాఫ్‌గ అనిపించింది. ఏది హలాలో, ఏది కాదో రాసి చెప్తున్నరు గద.

నా బాధ వేరే. మా ఊరోళ్లు కూలి పనికొస్తరు, ఏజెంటు టికెట్ కొంటడు. భోజనం సంగతి వాళ్లను ఎవ్వరడిగిన్రు? వెబ్‌సైట్ల ఎన్ని కోడ్‌లు ఉన్నా వాళ్ల దాకా ఒక్కటి రాదు. మీరు కోత గురించి మాట్లాడుతున్నరు, వాళ్లకు ఎన్నడూ లేనేలేదు.

చల్లగది

నేను ఒక ఫ్లైట్ కిచెన్‌లో పదకొండేళ్లు పనిచేశాను, ఇప్పుడు మానేశాను. లోపల ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఇక్కడ రెండు పక్షాలూ కొంత ఊహించి మాట్లాడుతున్నాయి.

విమానంలో వంట చేయరు. కిచెన్‌లో వండి, వెంటనే బ్లాస్ట్ చిల్లర్ అనే, వేగంగా చల్లార్చే పెట్టెలో 5 డిగ్రీల కిందికి దించి, చల్లటి గదిలో ట్రేలు సర్దుతాం. పైన ఓవెన్‌లో వేడి చేసి ఇస్తారు. మామూలు భోజనం వరస కట్టి వందల్లో పోతుంది. ప్రత్యేక భోజనం అలా కాదు. 24 గంటల ముందు జాబితా వస్తుంది. దాన్నిబట్టి వేరే గిన్నె, వేరే బల్ల, ఒక్కో డబ్బాకి ఫ్లైట్ నంబరు, సీటు నంబరు, కోడ్ ఉన్న స్టిక్కర్. మూడు వందల మంది ఉన్న విమానంలో ఇద్దరు జైనులుంటే ఆ ఇద్దరి కోసం ఉల్లి, వెల్లుల్లి, దుంప తగలకుండా విడిగా ఒక వంట. ఖర్చు పదార్థాల్లో లేదండీ, మనిషి చేతిలోనూ, పొరపాటు జరిగే అవకాశంలోనూ ఉంది. స్టిక్కర్ తారుమారైతే అలర్జీ ఉన్న మనిషి ప్రాణం మీదికొస్తుంది. నేను రాత్రి డ్యూటీల్లో అన్నిటికన్నా భయపడింది దానికే.

యూదులకిచ్చే కోషర్ మా దగ్గర వండేదే కాదు. వాళ్ల ధ్రువీకరణ ఉన్న కిచెన్ నుంచి సీలు వేసి వస్తుంది. ప్రయాణికుడు చూసి ఒప్పుకున్నాకే సీలు విప్పాలి.

వృథా సంగతి నిజమే. మనిషి విమానం ఎక్కకపోయినా, సీటు మారినా, ఆ డబ్బా ఎవరికీ పనికిరాకుండా పోతుంది. తాకని ట్రే అయినా సరే, మిగిలింది పేదవాళ్లకి పంచడం చాలా దేశాల్లో కుదరదు. ఐరోపా సమాఖ్యలో అయితే బయటి దేశాల నుంచి వచ్చిన విమానంలోని తిండి చెత్తని పశువుల రోగాల భయంతో అత్యంత ప్రమాదకరమైన తరగతిలో పెట్టారు, కాల్చాలి లేదా అనుమతి ఉన్న చోట లోతుగా పూడ్చాలి. రన్‌వే గారు చెప్పిన 'ముందు వస్తుందని బుక్ చేసేవాళ్లు' కూడా ఉన్నారు. మేమూ చూశాం.

అందుకే పైవాళ్లకి ఒక ఆలోచన వచ్చింది: అందరికీ సరిపోయే ఒకే పళ్లెం. పాలూ గుడ్డూ గోధుమా లేని శాకాహారం ఒకటి చేస్తే నాలుగైదు కోడ్‌లు ఎగిరిపోతాయి. కాగితం మీద బాగుంటుంది. అందులో బంగాళాదుంప, క్యారెట్ వేశామంటే జైనులు ముట్టరు. తెల్లన్నం, పళ్లరసం పెడితే షుగర్ ఉన్నాయనకి చిక్కు. ఇక మన పెద్దవాళ్లు పెరుగు లేని భోజనాన్ని భోజనమే అనరు. అందరి కోసం చేసింది ఎవరికీ సరిపోని సందర్భాలు నేను ట్రేలు వెనక్కి వచ్చినప్పుడు చూశాను, మూత తీసి మళ్లీ పెట్టినవే ఎక్కువ.

రన్‌వే27

చల్లగది గారూ, మీరు రాసింది నా వాదనకి బలమే ఇస్తోంది. పొరపాటు అంత ప్రమాదమైతే, చేయగలిగినవి నాలుగే పెట్టి వాటిని సరిగ్గా చేయడం మేలు కదా? ఇరవై పేర్లు పెట్టి అందులో సగం తప్పడం కన్నా అది నిజాయితీ. ఇవ్వలేనిది ఇవ్వలేమని ముందే చెబితే ప్రయాణికుడు తన ఏర్పాటు తను చేసుకుంటాడు.

కృష్ణాతీరం

ముందే చెబితే! మాకు ఎవరు చెప్పారండీ? టికెట్‌లో 'ధ్రువీకరించబడింది' అని ఉంది. మూడుసార్లు చూసుకున్నాను.

మీరన్న నాలుగులో ఏవి ఉంచాలో ఎవరు నిర్ణయిస్తారు? ఎక్కువమంది అడిగేవి ఉంచి, తక్కువమంది అడిగేవి తీసేస్తారు. తక్కువమంది అడిగేదే చాలాసార్లు గట్టి అవసరం. గోధుమలో ఉండే గ్లూటెన్ పడనివాళ్లు విమానానికి ఒకరుంటారేమో. ఆ ఒక్కరికి మిగతా ట్రేలేవీ పనికిరావు.

ఖమ్మం నర్సమ్మ

నేను పదిహేనేళ్లుగా నర్సుని. షుగర్ భోజనం గురించి మాత్రం చెప్తాను, కృష్ణాతీరం గారు వేరేగా అనుకోవద్దు.

ఆ డీబీఎంఎల్ ట్రే తీసేసినందుకు నేను అంత బాధపడను. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. అందరికీ ఒకే ట్రే ఎలా సరిపోతుంది? మాత్రలతో నడిచేవాళ్లు వేరు, పూట పూటకీ ఇన్సులిన్ వేసుకునేవాళ్లు వేరు. చాలాసార్లు ఆ ట్రేలో అన్నం, రొట్టె మరీ తక్కువ ఉంటుంది. ఎప్పటిలాగే ఇన్సులిన్ వేసుకుని అది తిన్నవాళ్లకి షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, పక్కవాళ్లకి అర్థమయ్యేలోపే స్పృహ తప్పే ప్రమాదముంది. షుగర్ ఎక్కువవడం కన్నా ఆ ఘడియలో ఇదే భయం.

మీ నాన్నగారికి కావలసింది వేరే ట్రే కాదు. ట్రేలో పిండిపదార్థం ఎన్ని గ్రాములుందో మూత మీద రాసి ఉండాలి. రెండోది, భోజనం ఎన్నింటికి వస్తుందో ముందే చెప్పాలి. ట్రే చేతికొచ్చాక ఇన్సులిన్ వేసుకోమనండి, ట్రాలీ కనబడగానే కాదు. కుదుపులొస్తే ట్రాలీ వెనక్కి పోతుంది. ఇన్సులిన్ చేతి సంచిలోనే పెట్టుకోవాలి, కింద సామాన్లలో గడ్డకడితే పాడైపోతుంది. పడమర వెళ్తుంటే రోజు పొడుగవుతుంది కాబట్టి మోతాదు సంగతి బయల్దేరే ముందు డాక్టరు దగ్గర రాయించుకోవాలి.

కృష్ణాతీరం

అమ్మా, వేరేగా ఏం అనుకోలేదు. నాన్నకి చదివి వినిపించాను. ఆయన ట్రాలీ కనబడగానే వేసుకున్నారట, ఈ మాట ఇప్పటిదాకా నాకు చెప్పలేదు. గుండె జారిపోయింది.

షుగర్ ట్రే విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏముందో రాస్తే చాలు. కానీ అమ్మ విషయంలో తీసుకోను. గుడ్డు తినని మనిషికి ఎంత వివరం రాసినా ఆమ్లెట్ ఆమ్లెట్టే.

ఆర్మూర్ బిడ్డ

గదే నేను అంటున్న. ఏముందో రాయిన్రి, బొమ్మ గూడ పెట్టిన్రి. చదువు రానోళ్లు గూడ ఎక్కుతరు. మన దగ్గర ప్యాకెట్ల మీద పచ్చ చుక్క ఉంటది కదా, శాకాహారమని పిల్లగాడు గూడ చెప్తడు. విమానంల డబ్బా మీద ఎందుకు పెట్టరు?

రన్‌వే27

పచ్చ చుక్కకి నేనూ ఓటేస్తాను. దాని ఖర్చు ఎంతని! ఇంకొకటి కూడా ఒప్పుకుంటున్నాను: దూరపు ప్రయాణంలో గుడ్డు లేని శాకాహారం ట్రాలీలో ఎప్పుడూ కొన్ని అదనంగా ఉండాలి, కోడ్ ఉన్నా లేకపోయినా. మిగతా ఇరవై రకాల మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. ముందు వస్తుందని ఆ కోడ్‌ని వాడుకునేవాళ్లని ఆపడానికి చిన్న రుసుము పెట్టినా తప్పులేదు.

కాకినాడ కోడలు

రుసుమా? మతానికీ రోగానికీ పన్ను కట్టమంటారా? పద్ధతిగా తినేవాళ్లు, అలర్జీ ఉన్నవాళ్లు ఎక్కువ కట్టాలి, ఏదైనా తినగలిగినవాళ్లు కట్టక్కర్లేదు. ఇది మాత్రం నేను ఒప్పుకోను.

కృష్ణాతీరం

చల్లగది గారూ, మేలో వాళ్ల తిరుగు ప్రయాణం. మీరు నా స్థానంలో ఉంటే ఏం చేస్తారు?

చల్లగది

అమ్మగారికి ఏవీఎంఎల్ పెట్టండి. రెండు విమానాలకీ విడివిడిగా నమోదైందో లేదో చూడండి. ఒక సంస్థ టికెట్ మీద ఇంకో సంస్థ విమానం నడిపితే, నడిపే సంస్థకే ఫోన్ చేసి అడగండి. 24 గంటల గడువు దాటక ముందే, అంటే రెండు రోజుల ముందు ఇంకోసారి చూసుకోండి. విమానం మారినా, బుకింగ్ మారినా భోజనం పోయినట్టే అనుకుని కౌంటర్‌లో మళ్లీ చెప్పాలి. గడువు లేకపోతే కొత్తది వండటం కుదరకపోవచ్చు, అయినా చెప్పాలి, పళ్లో రొట్టో పక్కన పెట్టించవచ్చు. ఎక్కగానే అమ్మగారు సిబ్బందికి ఒక మాట చెబితే ట్రాలీ కదిలే ముందే చూస్తారు.

కృష్ణాతీరం

చెప్పడానికి ఆమెకి భాష రాదు కదా, అందుకని చీటీ రాశాను. పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో, అరబిక్‌లో: 'నేను మాంసం, చేప, గుడ్డు తినను. పాలు, పెరుగు తింటాను. నా సీటు నంబరు ____. నా భోజనం రాకపోతే దయచేసి పళ్లు, అన్నం, పెరుగు ఇవ్వండి.' అరబిక్ ఆఫీసులో స్నేహితుడితో రాయించాను. నాన్నకి ఇంకోటి, నర్సమ్మగారు చెప్పినట్టు భోజనం వేళ అడుగుతూ. రెండూ ప్లాస్టిక్ కవరులో పెట్టి పాస్‌పోర్టులతో కలిపి ఉంచాను.

ఆర్మూర్ బిడ్డ

ఆ చీటీ నాకు పంపుతవా అన్నా? హలాల్ అని మార్చి మా క్యాంపుల అందరికి ప్రింట్ తీసిస్త.