సమస్యాపూరణం: టీవి వంటనుండి తావి వచ్చె

నిర్వాహకురాలు:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది అనే పద్యంలో, నాలుగో పాదం ఇస్తున్నాను. ముందు మూడు పాదాలు మీరు రాసి, ఈ వింత మాటకు అర్థం కుదర్చాలి.

"టీవి వంటనుండి తావి వచ్చె"

నెల రోజులుగా మా ఇంట్లో రాత్రి భోజనాలు టీవీ ముందే, అదీ వంటల పోటీ చూస్తూ. మొన్న అందులో ఎవరో వెన్నలో వెల్లుల్లి వేయిస్తుంటే మా అమ్మాయి "అబ్బ, ఏం వాసన!" అంది. వాసన ఎక్కడినుంచి వస్తుందమ్మా అని అడగబోయి ఆగిపోయాను, ఎందుకంటే నాకూ వచ్చినట్టే ఉంది. 1993లో జీ టీవీలో సంజీవ్ కపూర్ ఖానా ఖజానా మొదలైన నాటినుంచి 2021లో జెమినిలో మాస్టర్‌చెఫ్ తెలుగు వచ్చేదాకా ఎన్ని చూశామో! రంగు చూశాం, నూనె చిటపటలు విన్నాం, వాసన మాత్రం ఏ పెట్టెలోంచీ రాలేదు. రానిదాన్ని వచ్చిందని చెప్పాలి, చదివినవాళ్ళు నమ్మేలా చెప్పాలి.

ఛందస్సు సంగతి. పాదంలో ఐదు సూర్యగణాలు, అన్నీ గలాలే, అంటే ఒక గురువు (బరువుగా పలికే అక్షరం), ఒక లఘువు (తేలికగా పలికేది). యతి చోట (పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోట) టీవి, తావి అని ప్రాసయతి పడింది, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిశాయి. "టీవీ" అని సాగదీస్తే రెండూ గురువులై గణం చెడుతుంది, కాబట్టి "టీవి". ఇచ్చిన పాదం మార్చకూడదు. విరుపు చేసుకోవచ్చు, అంటే ముందు పాదం చివరి అక్షరాన్ని కలిపి మాటను వేరేగా విరవచ్చు.

పోపుడబ్బా:
మొదటి ప్రయత్నం నాదే.

తెరను చూచి చూచి తెచ్చి దినుసులన్ని
పొయ్యి మీఁద పోపు పొగలు కక్క
చేత కాదటన్న చెల్లి చేసిన వేళ
టీవి వంటనుండి తావి వచ్చె

మా చెల్లెలు పెళ్ళయ్యేదాకా స్టవ్ వెలిగించలేదు. టీవీ చూసి చూసి, ఒక్కొక్కటే రాసుకుని, మొన్న గుత్తొంకాయ చేసింది. అది తిన్న రోజే ఈ సమస్య వచ్చింది.

గురులఘువు:
పూరణ బాగుంది తల్లీ. టీవీలో చూసిన వంట చేతికి వచ్చాక తావి రావడం సహజం, కాబట్టి సమస్య తీరింది. గణాలు, యతులు సరిపోయాయి. రెండో పాదం మీద ఒక మాట. పోపు పొగలు కక్కిందంటే ఆవాలు మాడినట్టే. అప్పుడు వచ్చేది ఘాటు, దగ్గు. తావి రాదు. సమస్యలోనే ప్రాసయతి ఉంది కదా, దాన్నే ఇక్కడా వాడితే:

పొయ్యి మీఁద పోపు నెయ్యిఁ బెట్టి

పొయ్యి, నెయ్యి ప్రాసయతి. నెయ్యి వచ్చింది కనుక తావికి కారణం కూడా దొరికింది.

పోపుడబ్బా:
మాస్టారూ, అలాగే మార్చుకుంటున్నాను. "నెయ్యి" అన్న ఒక్క మాటతో పద్యం వాసనే మారిపోయింది.

వేపచెట్టు:
నాది ఒక నిజమైన సంగతి మీద. 1965 ఏప్రిల్ ఒకటో తేదీన బీబీసీ టీవీలో ఒక ప్రొఫెసరును కూర్చోబెట్టి, ఈయన తెరలోంచి వాసన పంపే యంత్రం కనిపెట్టాడని చెప్పారు. ఆయన అక్కడే ఉల్లిపాయలు తరిగి, కాఫీ కాచి చూపించాడు. యంత్రమూ లేదు, ఏమీ లేదు. కానీ చాలామంది ఫోన్లు చేసి మాకు వాసన వచ్చిందన్నారు, ఉల్లిపాయకు కళ్ళలో నీళ్ళు తిరిగాయని కూడా కొందరు అన్నారు.

లండనందు నాఁడు దండి ఛానలులోన
నుల్లి తరిగి చూపి యుత్త మాట
చెప్పి నవ్వుకొనఁగఁ జెప్పిరి కొందరు
"టీవి వంటనుండి తావి వచ్చె"

గురులఘువు:
సమస్యను ఇంకొకరి నోట పెట్టడం పాత పద్ధతే, కానీ ఇక్కడ ఆ నోళ్ళు నిజంగా ఉన్నాయి, అది దీని బలం. మూడో పాదంలో "చెప్పి", "చెప్పిరి" ఎదురెదురుగా నిలబడ్డాయి, అబద్ధం చెప్పినవాళ్ళు ఒక పక్క, నిజమని నమ్మి చెప్పినవాళ్ళు ఒక పక్క. లోపం ఏమిటంటే మీ వచనం చదవకపోతే పద్యం ఒక్కటీ అర్థం కాదు. ఏప్రిల్ ఒకటి అన్న సూచన పద్యంలోనే ఉండాలి.

ఆవకాయజాడీ:
వాళ్ళను అమాయకులని అనలేను. ఎండు మిరపకాయ నూనెలో పడుతున్నది తెరమీద చూస్తే నాకు ఇప్పటికీ ముక్కు అదురుతుంది. కళ్ళు చూసింది ముక్కుకు అందుతుందేమో.

చల్లకవ్వం:
నేను ఒప్పుకోను, అందుకే ప్రశ్నగా పూరించాను.

చల్లఁబడిన కూర చక్కగా మెరసిన
రంగు చూడవచ్చు రసము గాదు
ఎన్ని నోళ్ళు పొగడ నెవరి ముక్కునకైన
టీవి వంటనుండి తావి వచ్చె?

ఈ పోటీల్లో పళ్ళేన్ని అన్ని కోణాల్లోనూ కెమెరాకి చూపించేసరికి వంట చల్లారిపోతుంది. అందుకే న్యాయనిర్ణేతలు వండుతున్నప్పుడే గిన్నెల దగ్గరికొచ్చి వేడివేడిగా రుచి చూస్తారు. మనకు చూపించేది ఆ తర్వాతి ముద్ద. రుచి చూసిన వాళ్ళ ముఖమే మనకు దక్కేది.

నిర్వాహకురాలు:
"రంగు చూడవచ్చు రసము గాదు" అన్న పాదం నేను రాసి పెట్టుకున్నాను. కాకువుతో (మాటను ప్రశ్నలా పలికి అర్థం తిప్పడంతో) పూరించడం తేలిక దారి అని కొందరు అంటారు, కానీ పైపాదాలు ఇంత బరువుగా ఉంటే ఆ మాట అనలేం.

గురులఘువు:
"చూడవచ్చు రసము గాదు" దగ్గర కొంచెం ఆగాను. రసం చూడడం కాదు, రుచి చూడడం అని అన్వయించుకోవాలి. తెలుగులో రుచిని కూడా "చూస్తాం" కాబట్టి ఆ ఒక్క క్రియ రెండిటికీ సరిపోయింది. మీరు కావాలని చేసినా, అనుకోకుండా కుదిరినా, బాగుంది.

తరవాణి:
2021లో మాస్టర్‌చెఫ్ ఆస్ట్రేలియా పదమూడో సీజన్ ఫైనల్ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బంగ్లాదేశ్ మూలాలున్న కిష్వర్ చౌధురి, మెల్‌బోర్న్ అమ్మాయి, ఫైనల్లో పాంతా భాత్ పెట్టింది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి నానబెట్టి పొద్దున తినేది. పక్కన ఆలూ భర్తా, చేప. మన చద్దన్నమే, తెలంగాణలో సద్ది. పొలం పనికి వెళ్ళేవాళ్ళు మూట కట్టుకుపోయే తిండి, అలాంటి చోట, ఆ దీపాల కింద. ఆమె మూడో స్థానంలో నిలిచింది, జస్టిన్ నారాయణ్ గెలిచాడు. అయినా ఆ సీజన్ తలచుకుంటే నాకు గుర్తొచ్చేది ఆ గిన్నె ఒక్కటే.

చద్ది యన్నమునకు జగతి పీటను వేయ
మామ్మ చేతి కుండ మదిని మెదలె
నుల్లి మిరప నంజి యూళ్ళోని వేసవి
టీవి వంటనుండి తావి వచ్చె

ఆవకాయజాడీ:
"జగతి పీటను వేయ" దగ్గర నాకు కళ్ళు చెమర్చాయండీ. మా మామ్మ చద్దన్నం తింటున్నప్పుడు ఎవరైనా వస్తే గిన్నె చాటుకు జరిపేది. పేదతిండి అని సిగ్గు. ఆవిడ ఉండి ఆ ఫైనల్ చూసి ఉంటే ఎంత బాగుండేది.

గురులఘువు:
మొదటి రెండు పాదాలకు నేను ఒక్క అక్షరం మార్చను. పీట వేయడం మన పలుకుబడి, అది ఆ సందర్భానికి అతికినట్టు సరిపోయింది. మూడో పాదంలో రెండు ఇబ్బందులున్నాయి. "వేసవి" అన్నది నాలుగో పాదం చివరున్న "తావి"తో కలవాలి, మధ్యలో టీవీ వంట అడ్డం పడింది. ఇది దూరాన్వయం. రెండోది, "నంజి" అని మొదలుపెట్టిన క్రియకు కర్త లేదు. ఎవరు నంజుకున్నారు? ఇలా చేస్తే:

నుల్లి నంజుకొన్న యూరు గుర్తుకు రాఁగ

ఇందులో జ్ఞాపకమే తావికి కారణం. యతి కూడా చెదరలేదు, ఉకారానికి ఊకారం.

తరవాణి:
మిరపకాయ పోయింది గురువుగారూ, మా వైపు మిరపకాయ లేనిదే చద్దన్నం లేదు! కానీ అన్వయం మీరు చెప్పినదే సరైనది. మార్చుకుంటాను.

పోపుడబ్బా:
ఇంకోటి రాశాను. ఇది విరుపు. 2015లో ఈటీవీ వాళ్ళు వంటలకోసమే అభిరుచి అని ఒక ఛానల్ పెట్టారు. మా అమ్మ మధ్యాహ్నం పని అయ్యాక డైరీ, పెన్ను పట్టుకుని దాని ముందు కూర్చునేది. అమ్మ రాసుకున్నవి ఇప్పుడు నేను వండుతున్నాను.

పాత డైరిలోనఁ బద్దుల వలె రాసి
యమ్మ దాచినట్టి యవియె నేఁడు
వండి చూడఁగాను పదియేండ్ల నాఁటి యీ
టీవి వంటనుండి తావి వచ్చె

చల్లకవ్వం:
"యీ" మీద పాదం ఆపి "ఈటీవి" చేశారు! "మా" అని ఆపితే "మాటీవి" కూడా అయ్యేది. విరుపు చాలా సహజంగా పడింది, వెతికి పెట్టినట్టు లేదు.

గురులఘువు:
విరుపు బాగుంది, నాఁటి + ఈటీవి యడాగమంతో (మధ్యలో "య" చేరి) శుద్ధంగా ఉంది. అయితే ఒకటి గమనించండి. విరుపువల్ల ఛానల్ పేరు వచ్చిందే కానీ అసంబద్ధత అలాగే ఉంది, ఏ టీవీ అయినా వాసన రాదు కదా. ఇక్కడ సమస్యను తీర్చింది విరుపు కాదు, అమ్మ డైరీ. పదేళ్ళ తర్వాత కూతురు వండితే అప్పటి వంటకు ఇప్పుడు వాసన వచ్చింది. ఆ ఊహ గొప్పది. "అవియె" అన్నచోట మాత్రం ఏవి అని అడగాల్సి వస్తోంది, వంటలన్న మాట ముందు ఎక్కడా లేదు.

వేపచెట్టు:
యూట్యూబ్‌లో కంట్రీ ఫుడ్స్ మస్తానమ్మ గారు గుర్తున్నారా? నూరేళ్ళు దాటాక కట్టెలపొయ్యి ముందు కూర్చుని, పుచ్చకాయలో కోడికూర వండి ప్రపంచమంతా చూసేలా చేసిన అవ్వ. 2018 డిసెంబరులో పోయారు.

కట్టెపొయ్యి ముందు కథ చెప్పు నవ్వుల
నూరు దాటినవ్వ కూర వండ
మట్టి కుండలోన మరిగె మా బాల్యమే
టీవి వంటనుండి తావి వచ్చె

చల్లకవ్వం:
పద్యం చాలా బాగుంది. కానీ అది యూట్యూబ్ కదండీ, టీవీ ఎలా అవుతుంది?

వేపచెట్టు:
మా ఇంట్లో హాల్లో పెద్ద టీవీకే పెట్టుకుని చూసేవాళ్ళం, మా నాన్నగారికి ఫోను తెర సరిగ్గా కనపడదు. ఆయనకు అది టీవీయే.

గురులఘువు:
నూరు, కూర ప్రాసయతి చక్కగా పడింది. మూడో పాదం ఈ వారం వచ్చిన పాదాలన్నిటిలోకీ నాకు నచ్చింది. కూర బదులు బాల్యం మరిగింది, తావి దానిది.

ఆవకాయజాడీ:
నాది కూడా ఒక నిజమైన వ్యక్తి మీదే. 2012లో అమెరికా మాస్టర్‌చెఫ్ మూడో సీజన్ గెలిచిన క్రిస్టీన్ హా. హ్యూస్టన్‌లో ఉంటారు, వియత్నాం మూలాలు, జబ్బు చేసి చూపు పోయింది. ఒకరోజు ఆమె ఆపిల్ పై చేసి, సరిగ్గా రాలేదని భయపడుతూ నిలబడితే, న్యాయనిర్ణేత గోర్డన్ రామ్సే దాని రంగు ఎలా ఉందో మాటల్లో చెప్పి, పైపొర మీద కత్తితో గీసి ఆ కరకర శబ్దం ఆమెకు వినిపించాడు. ఎంత కోపిష్ఠో అంత మెత్తగా. నేను అది చూస్తూ కళ్ళు మూసుకున్నాను, ఆమెకు ఎలా తెలుస్తోందో నాకూ తెలియాలని.

చూపు లేని వనిత సురభియే చూపుగా
పందెమందు నాఁడు వండి గెలువ
కళ్ళు మూసి నేను కాంచినంతనె నాకు
టీవి వంటనుండి తావి వచ్చె

ముందు "కన్ను లేని వనిత గంధమే కన్నుగా" అని రాశాను. ఆమెకు కళ్ళున్నాయి, పోయింది చూపు. అందుకని మార్చాను. పందె, వండి దగ్గర యతి చెల్లుతుందా?

గురులఘువు:
చెల్లుతుంది. ప ఫ బ భ వ ఒక వర్గం, రెండుచోట్లా బిందువుతో అకారమే. చూపు, సురభి కూడా సరే, చకారానికి సకారంతో మైత్రి ఉంది. మార్చి చాలా మంచి పని చేశారు, యతికోసం మనిషిని తప్పుగా చెప్పకూడదు. కళ్ళు మూసి "కాంచడం" అన్న విరోధం సమస్యలోని విరోధానికి తగిన జోడీ. నేను ఇందులో దిద్దేదేమీ లేదమ్మా.

కొత్తకలం:
నమస్కారం. పద్యం రాయడం ఇదే మొదలు, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. తప్పులుంటే చెప్పండి.

ఆదివారం రాత్రి అందరం కూర్చుని
పోటి చూస్తూ ఉంటే పొయ్యి మీద
మరచి పోయినట్టి మా పప్పు మాడఁగ
టీవి వంటనుండి తావి వచ్చె

గురులఘువు:
స్వాగతం నాయనా. మూడో పాదం తప్పులేకుండా వచ్చింది, మొదటి పద్యానికి అది చిన్న సంగతి కాదు. ఇక మిగిలినవి. "వారం" రెండు గురువులు, సూర్యగణం కాదు. "ఆదివారమందు నందరు కూర్చుండి" అంటే గణాలు కుదురుతాయి. "చూస్తూ" కూడా అంతే, "చూచుచుండ" అను. అసలు ఇబ్బంది అర్థంలో ఉంది. తావి అంటే పరిమళం. బంగారానికి తావి అబ్బినట్టు అంటాం. మాడిన పప్పు వాసనకు ఆ మాట పెట్టకూడదు. నిజంగా ఆ రోజు ఏం జరిగిందో అదే రాయి.

కొత్తకలం:
నిజం చెప్పాలంటే పప్పు మాడలేదండి, సమస్య కోసం మాడ్చాను. ఆ రోజు జరిగింది వేరే. మళ్ళీ రాశాను.

ఆదివారమందు నందరు కూర్చుండి
పోటి చూచుచుండఁ బొయ్యి కడను
తల్లి యొంటరిగనె తాలింపు వేయఁగ
టీవి వంటనుండి తావి వచ్చె

నిర్వాహకురాలు:
బాబూ, ఇది రెండుసార్లు చదివాను.

గురులఘువు:
వంటింట్లోని తావిని టీవీలోదని భ్రమపడడం, భ్రాంతిమదలంకారం. సమస్య చాలా సహజంగా తీరింది. యతులన్నీ సరిపోయాయి. ఒక్కటే సందేహం, "ఒంటరిగ" అంటే చాలు, "ఒంటరిగనె"లో చివరి "నె" గణం కోసం పెట్టినట్టుంది. పాదపూరణానికి అక్షరం పెట్టడం అలవాటు చేసుకోకు.

కొత్తకలం:
గణం కోసం కాదండి గురువుగారూ. అమ్మ రెండుసార్లు పిలిచింది, కొత్తిమీర తుంచిపెట్టమని. నేను లేచి వెళ్ళలేదు.