రోమా 16:2: ఫీబే "సహాయురాలా", "పెద్దదిక్కా"?

వరంగల్ చదువరి:
అందరికీ వందనాలు. మా చర్చిలో కొందరం నెలకోసారి కూర్చుని విశ్వాసం మీద, నాయకత్వం మీద పుస్తకాలు చదువుకుంటాం. ఇప్పటిదాకా చదివినవి ఒకచోట రాసి చూస్తే, దాదాపు అన్నీ అమెరికా పాస్టర్లు రాసినవే. రాసినవాళ్లంతా మగవాళ్లే. తెలుగులోకి వచ్చినా వాటిలో మాటలు విజన్, టీమ్, టార్గెట్. వారమంతా కూలికి వెళ్లి ఆదివారం సంఘాన్ని నడిపే మా పెద్దల సంగతి వాటిలో ఎక్కడా కనపడదు. వేరే గొంతులు కూడా విందామని, ముందు బైబిల్లోనే వెతుకుదామని పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో 16వ అధ్యాయం తీశాం. మొదటి వచనం దగ్గరే ఆగిపోయాం.

"కెంక్రేయలో ఉన్న సంఘ పరిచారకురాలగు ఫీబే అను మన సహోదరిని..."

పరిచారకురాలంటే ఎవరని ఒక అక్క అడిగింది. "చర్చిలో వంటావార్పూ చూసుకునే ఆవిడై ఉంటుంది" అన్నారు ఒకాయన. కాదు, డీకన్, అంటే సంఘంలో ఒక పదవి, అన్నారు ఇంకొకరు. మతం వాదన పక్కన పెట్టి, తెలుగు మాటగా ఇదేంటో చెప్పండి.

తెలుగు మేష్టారు:
వంటావార్పూ అన్నాయన తప్పేం లేదండీ, ఆ మాటకు మన చెవిలో పడ్డ అర్థం అది. రాజుల కథల్లో పరిచారిక అంటే వింజామర వీచే పిల్ల. విమానంలో పరిచారిక అంటే టీ ఇచ్చే అమ్మాయి. "రాలు" చేరగానే మాట ఒక మెట్టు దిగిపోతుంది. అదే పరిచారకుడు అంటే చర్చిలో ఒక హోదా. ఫిలిప్పీ 1:1లో "అధ్యక్షులకును పరిచారకులకును" అని వస్తే అక్కడ వంటవాళ్లని ఎవరూ అనుకోరు.

కానీ అనువాదకులు చేసిన మంచి పని ఒకటి చూడండి. రెండు చోట్లా ఒకే మాట వాడారు. ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో ఫిలిప్పీ మగవాళ్లు డీకన్లు, ఫీబే మాత్రం సర్వెంట్. మన పాత తెలుగు బైబిల్లో ఆ తేడా లేదు. ఆ తేడా వినేవాళ్ల చెవిలో పుట్టింది.

గ్రీకు విద్యార్థి:
మేష్టారు చెప్పినదానికి కాస్త కలుపుతాను. మూలంలో మాట దియాకొనోస్. ఇదే రోమా పత్రికలో ఆ మాట ఇంకెక్కడ వచ్చిందో చూడండి. 13:4లో పాలించే అధికారులు "దేవుని పరిచారకులు". 15:8లో క్రీస్తు "పరిచారకుడాయెను". 16:1లో ఫీబే పరిచారకురాలు. ప్రభుత్వాధికారికీ క్రీస్తుకూ వాడిన మాటే ఆవిడకూ వాడాడు పౌలు. వంటా అంటూ నవ్వేసేవాళ్లకు ముందు ఈ మూడు వచనాలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

అసలు చిక్కు రెండో వచనంలో ఉంది, దాన్నెవరూ అడగలేదు. "ఆమె అనేకులకును నాకును సహాయురాలై యుండెను." ఇక్కడ మూలంలో ప్రొస్తాతిస్. ముందు నిలబడేది అని దాని పుట్టుక. ఆ రోజుల్లో నలుగురినీ పోషించి, వాళ్ల తరఫున మాట్లాడి, అండగా నిలిచే కలిగినవాళ్లను అలా పిలిచేవారు. కెంక్రేయ కొరింథుకు రేవు. వచ్చేపోయే ఓడలవాళ్లుండే ఊళ్లో ఆవిడ స్థానం అది.

ఇక ఆ మాటకు దగ్గరి చుట్టమైన క్రియ మగవాళ్లకు వచ్చినప్పుడు తెలుగు ఎలా ఉందంటే: రోమా 12:8లో "పైవిచారణ చేయువాడు", 1 తిమోతి 3:4లో "తన యింటివారిని బాగుగా ఏలువాడు", 5:17లో "బాగుగా పాలనచేయు పెద్దలు". మగవాళ్లు పైవిచారణ చేశారు, ఏలారు, పాలించారు. ఆవిడ సహాయం చేసింది.

డాలస్ నుంచి:
మరీ లాగుతున్నారేమో తమ్ముడూ. క్రియ వేరు, నామవాచకం వేరు. ఒకే వేరు నుంచి పుట్టినంత మాత్రాన ఒకే అర్థమా? అదే పౌలు తిమోతికి స్త్రీల ఉపదేశం గురించి "సెలవియ్యను" అని కూడా రాశాడు. మీకు నచ్చిన వచనం ఒక్కటే పట్టుకుంటే ఎలా?

గ్రీకు విద్యార్థి:
నామవాచకం వేరు, ఒప్పుకుంటానన్నా. ఫీబే సంఘాన్ని ఏలింది అని నేను అనలేదు, అలా అనువదించమనీ అనను. సహాయురాలు అనేది పలచబడిందంటున్నాను. సహాయం కింద నుంచి చేయొచ్చు, పక్కనుండీ చేయొచ్చు. ప్రొస్తాతిస్ పైనున్నవాళ్లు చేసేది. ఆ పై అనేది తెలుగులో రాలేదు.

గ్రూపు నిర్వాహకులు:
తిమోతి మీద వాదన ఇక్కడ వద్దండీ, దానికి వేరే చోట్లున్నాయి. మాట మీదే ఉందాం.

తెలుగు మేష్టారు:
నన్నడిగితే ప్రొస్తాతిస్‌కు తెలుగులో మాట ఉంది, పెద్దదిక్కు. "ఆ ఇంటికి ఆవిడే పెద్దదిక్కు" అంటాం. అందులో డబ్బుంది, మాటకు విలువుంది, కష్టమొస్తే పరిగెత్తే గడప ఉంది. ఆడా మగా తేడా లేదు. "ఆమె అనేకులకూ నాకూ పెద్దదిక్కుగా ఉండింది" అని చదివి చూడండి. పౌలంతటివాడు "నాకును" అని ఎందుకు చేర్చాడో అప్పుడు తెలుస్తుంది. గ్రాంథికంలో ఇమడదంటారా, ఇమడకపోతే పోయె.

అదే అధ్యాయంలో ఏడో వచనం కూడా చూడండి. "అంద్రొనీకుకును, యూనీయకును వందనములు, వీరు అపొస్తలులలో ప్రసిద్ధికెక్కిన వారై..." ఇక్కడ మన వ్యాకరణమే ఆవిడను దాచేసింది. వీరు, వారు అంటే ఆడవాళ్లూ కావచ్చు, మగవాళ్లూ కావచ్చు. తెలుగులో చదివిన నూటికి తొంభైమంది ఇద్దరు మగవాళ్లనే అనుకుంటారు. యూనీయ ఆడమనిషి అని నాలుగో శతాబ్దంలో జన్మించిన క్రైస్తవ బోధకుడు యోహాను క్రిసొస్తొమే ప్రసంగంలో చెప్పి, అపొస్తలురాలు అనిపించుకునే అర్హత వచ్చిందంటే ఆమెకెంత జ్ఞానమో అని మెచ్చుకున్నాడు. 1946 నాటి ఇంగ్లిష్ బైబిల్ అనువాదం ఆర్‌ఎస్‌వీ మాత్రం ఆమెను యూనియాస్ చేసి, ఇద్దరినీ మగవాళ్లుగా రాసేసింది. తెలుగు అంత పని చెయ్యలేదు, ఆడమనిషని చెప్పనూ లేదు.

నంద్యాల అక్క:
మేష్టారూ, మాటల సంగతొచ్చింది కాబట్టి అడుగుతున్నా. టీచరమ్మ అంటే టీచరే. డాక్టరమ్మ అంటే డాక్టరే. పాస్టరమ్మ అంటే మాత్రం పాస్టరుగారి భార్య! అభిషేకం పొంది బల్ల దగ్గర నిలబడి ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆవిడను ఏమని పిలవాలి? మా ఊళ్లో ఒకాయన నోరు తిరగక "పాస్టరుగారు... అమ్మగారు..." అని రెండూ కలిపేశారు. 2013లో మా నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలితగారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో, అంటే దక్షిణ భారత సంఘంలో, మొదటి మహిళా బిషప్. అప్పుడీ తంటా రాలేదు, బిషప్ అనే మాటకు అమ్మ తగలలేదు కాబట్టి. పెద్ద పదవికి మాట దొరికింది, ఊరి చర్చికి దొరకలేదు.

ఒంగోలు వాసి:
వరంగల్ వారికి పుస్తకాల సంగతి కూడా చెప్పాలి కదా. నాయకత్వం అనగానే అమెరికా ఎందుకండీ, మన గుండ్లకమ్మ ఏరు ఉండగా. 1878 జూలై 3న వెలమపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇది అందరూ ఒంగోలు మిషనరీ క్లౌ పేరు మీద "క్లౌ దొర బాప్తిస్మాలు" అనే చెప్పుకుంటారు. ఆ రోజు ఏట్లో దిగి ముంచింది క్లౌ కాదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఆ పని చేశారు. దొర పేరు నిలిచింది, నీళ్లలో నడుములోతున నిలబడ్డవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

దానికి ముందు కథ ఎర్రగుంట్ల పేరయ్యది. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం. క్రైస్తవుడు కాకముందే యోగం నేర్పే గురువు, శిష్యులున్నవాడు. 1866లో జూవెట్ అనే మిషనరీ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు, అప్పటికి క్లౌ ఒంగోలులో కాపురమే పెట్టలేదు. అంటే మిషనరీ వచ్చి నాయకుణ్ణి తయారు చేయలేదు, నాయకుడు ముందే ఉన్నాడు. ఆయన కథ అక్కడివాళ్ల నోటి నుంచి విని 1899లో పుస్తకంగా రాసింది క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. రాసిన చెయ్యి దొరసానిది, అది గుర్తుపెట్టుకునే చదవాలి. అయినా మీ అమెరికా పుస్తకాలకంటే మేలు.

తెలుగు మేష్టారు:
ఒంగోలు వారు మంచి దారి చూపారు. అదే వరసలో అజరయ్యగారిని మరవకండి. తిరునెల్వేలి తమిళుడు, దోర్నకల్‌కు వచ్చి మన తెలుగు పల్లెల్లో పనిచేశారు. 1912లో బిషప్, ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో ఆయనే మొదలు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో మిషనరీల ఎదుటే 1 కొరింథీ 13:3 ఎత్తుకున్నారు. "బీదల పోషణకొరకు నా ఆస్తి అంతయు ఇచ్చినను, కాల్చబడుటకు నా శరీరమును అప్పగించినను, ప్రేమ లేనివాడనైతే..." ఆ వచనాన్ని మనం మన మీదికే తిప్పుకుని చదువుతాం. ఆయన వాళ్ల మీదికి తిప్పారు. మీరు ఆస్తిచ్చారు, ప్రాణమూ ఇచ్చారు, మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి అన్నారు. పుచ్చుకునే చోట కూర్చున్నవాడు చదివితే వచనం అలా వినపడుతుంది. వరంగల్ వారు వేరే గొంతులు అన్నది ఇదే అనుకుంటాను. ఊరికే లిస్టులో నలుగురు ఆడవాళ్ల పేర్లూ ఇద్దరు దళితుల పేర్లూ చేర్చి సరిపెట్టుకుంటే పాత పద్ధతిలోనే చదువుతారు.

డాలస్ నుంచి:
పెద్దదిక్కు బాగుంది మేష్టారూ. మిగతాదానితో నాకింకా పేచీ ఉంది గానీ, ఆ మాట మాత్రం రాసిపెట్టుకున్నా.

వరంగల్ చదువరి:
అందరికీ థాంక్స్ అండీ. వచ్చే నెల పుస్తకం మార్చేశాం, పేరయ్య కథతో మొదలెడుతున్నాం. ఇంగ్లిష్ రానివాళ్ల కోసం ఒకరు చదివి తెలుగులో చెబుతారు. దానికి ముందు ఆదివారం రోమా 16 మొత్తం, పేర్లతో సహా, మొదట ప్రశ్న అడిగిన అక్క చేతే చదివిస్తున్నాం. ఆవిడ కంగారు పడుతోంది.

గ్రీకు విద్యార్థి:
ఇంటి దగ్గర ఒకసారి గట్టిగా చదువుకోమనండి. ఫీబే, ప్రిస్కిల్ల దాకా బాగానే వెళ్తారు. పన్నెండో వచనంలో త్రుపైనా, త్రుఫోసా దగ్గర ఎవరికైనా నాలుక మడతపడుతుంది. వాళ్లిద్దరూ కూడా ఆడవాళ్లే.