ఎయిర్ పిస్టల్ సిలిండర్‌లో గాలి దిగిపోతోంది: డీలర్‌కు పంపాలా, ఇక్కడే విప్పాలా?

లేన్_7:
10 మీటర్ల పిస్టల్, ఫారిన్ సరుకు, ధర రెండు లక్షలు దాటింది. వచ్చి 5 నెలలు. రాత్రి 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) నింపి పెడితే తెల్లారేసరికి 186. షాట్లు టార్గెట్‌లో 10 కింద ఉన్న 9 రింగులోకి జారుతున్నాయి. డీలర్‌ని అడిగితే "మొత్తం పంపండి, 6 నుంచి 8 వారాలు పడుతుంది" అన్నారు. మీరైతే ఏం చేస్తారు?

రాణీగంజ్_రింగు:
గాలి ఆపే ఒక రబ్బరు ఓ-రింగ్ కోసం ఎనిమిది వారాలా అన్నా? సిలిండర్ ఊడదీయి, పిస్టల్ వైపు గాడిలో రింగు కనబడతది. టూత్‌పిక్‌తో తియ్యి. సూది పెట్టకు, గాడి గీసుకుపోతే ఇంక ఏ రింగూ ఆగదు. లోపలి వ్యాసం, మందం కొలిచి కొత్తది వెయ్యి. సిలికాన్ గ్రీజు వేలికొసకు అంటినంత చాలు. అరగంట పని.

బిల్లుకాగితం:
దయచేసి ముట్టుకోకండి. వారంటీ ఉన్న వస్తువు విప్పితే ఫస్ట్ అడిగేది "ఎవరు విప్పారు" అనే. రేపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద లోపం తేలడానికి వస్తువును ల్యాబ్‌కు పంపించే వీలుంది. విప్పిన సరుకు పంపి ఏం రుజువు చేస్తారు? 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది, మీరున్న జిల్లాలోనే వేయొచ్చు. ముందు డీలర్‌కు మెయిల్ రాయండి. ఫోన్ మాటలు లెక్కలోకి రావు.

రాణీగంజ్_రింగు:
పది రూపాయల రింగుకు కోర్టా సారూ?

పదిన్నర:
ఇద్దరూ ఆగండి. లీకు ఉందని ఎవరు తేల్చారు? నింపగానే సిలిండర్ చేతికి వేడిగా తగులుతుంది. లోపలి గాలి 50 డిగ్రీల దగ్గర 200 చూపిస్తే, 30కి చల్లారాక సుమారు 187 చూపిస్తుంది. ఒక్క బుడగ కూడా బయటికి పోకుండానే. నిదానంగా నింపి, గంట ఆగి, అప్పుడు అంకె రాసుకోండి. పొద్దున అదే గదిలో, అదే వేడిలో చూడండి.

ఇక కింది 9 సంగతి. సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ 10 మీటర్లలో సుమారు 22 మి.మీ. కిందికి దిగుతుంది, 140తో వెళ్తే 25. తేడా 3 మి.మీ. టార్గెట్‌లో ఒక రింగు 8 మి.మీ. పైగా ప్రతి షాట్‌కూ ఒకే ఒత్తిడి ఇచ్చే రెగ్యులేటర్ సరిగ్గా ఉంటే సిలిండర్ 200లో ఉన్నా 120లో ఉన్నా వేగం మారదు. మీ 9లకు, గాలికి సంబంధం లేదు.

లేన్_7:
అంటే తప్పు నా చేతిదేనంటారా? రెండు లక్షలు పెట్టింది ఈ మాట వినడానికేనా?

పదిన్నర:
చేయి అనలేదు. వెనక సైట్ స్క్రూలు, గ్రిప్ స్క్రూ బిగువు చూడండి. తర్వాత పిస్టల్‌ని బల్లకు ఉండే వైస్‌లో (బిగింపు పట్టులో) మెత్తగా బిగించి, ఒకే లాట్ పెల్లెట్లతో 10 షాట్లు కొట్టండి. పిస్టల్ డబ్బాలో ఫ్యాక్టరీ టెస్ట్ టార్గెట్ ఉంటుంది, పక్కన పెట్టి పోల్చండి. గ్రూపు (షాట్లు పడిన గుంపు) దానికి దగ్గరగా వస్తే బారెల్‌లో లోపం లేనట్టే. రాకపోతే ఆ కాగితం, ఈ కాగితం రెండూ ఫొటో తీసి పంపండి. "సరిగా తగలట్లేదు" అని రాస్తే ఏ సర్వీసు వాడూ పట్టించుకోడు.

షూటర్_అమ్మ:
సిలిండర్ మీద తేదీ చూసుకోండి. వాడకం గడువు మామూలుగా తయారీ నుంచి 10 ఏళ్లే. గోడౌన్‌లో రెండేళ్లు మూలిగిన సరుకైతే మీకు మిగిలేది 8. అమ్మేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.

బిల్లుకాగితం:
వైస్ కూడా వద్దు. నొక్కు పడితే అది కూడా మీ తప్పే అంటారు.

రాణీగంజ్_రింగు:
ఈయన లెక్కన పిస్టల్ బ్యాంకు లాకర్ల పెట్టాలె.

పదిన్నర:
రాణీగంజ్ గారూ, మీ పది రూపాయల రింగు సంగతి కూడా అడగాలి. కౌంటర్‌లో సైజు చెప్తే ఇచ్చేది ఎక్కువగా 70 షోర్ (రబ్బరు గట్టిదనం కొలత). 200 బార్ దగ్గర మెత్తటి రింగు సందులోకి పిండినట్టు పోయి అంచు తెగుతుంది. 90 షోర్ అని అడిగి తెచ్చారా? బైకు గ్రీజు రాయొద్దని చెప్పారా? పెట్రోలియం జిడ్డుకు ఒత్తిడి గాలిలో నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

రాణీగంజ్_రింగు:
సిలికాన్ అని ఫస్టే రాసిన, సదువు. 90 షోర్ మాట నిజమే, రాయలే. కానీ నీకు, బిల్లు సారుకు నా తరఫున ఒకటే ప్రశ్న. ఆ రింగుల కిట్టు డీలర్ విడిగా ఎందుకు అమ్మడు? అమ్మితే ఈ లొల్లే లేదు. పిస్టల్ అమ్ముడు వచ్చు, రింగు అమ్ముడు రాదా?

బిల్లుకాగితం:
అది వ్యాపారం. చట్టం మాట్లాడదాం. లేన్_7 గారూ, బిల్లు ఎవరి పేరు మీద ఉంది?

లేన్_7:
అకాడమీ పేరు మీద. డబ్బు మాత్రం మాది.

బిల్లుకాగితం:
ఈ ముక్క మొదటి పోస్టులోనే రాయాల్సింది. కొన్నవారి అనుమతితో వాడే మనిషీ వినియోగదారే. కానీ ఫీజులు తీసుకునే అకాడమీ కొంటే వ్యాపార అవసరం అని అవతలి లాయర్ మొదలుపెడతాడు. డబ్బు మీ ఖాతా నుంచి వెళ్లిన రుజువు తీసి ఉంచండి. ఫిర్యాదు అకాడమీ లెటర్‌హెడ్ మీద వెళ్తే ఇంకా మేలు.

లేన్_7:
అదే కదా బాధ! అకాడమీ లెటర్ ఇవ్వదు. పెల్లెట్లు, టార్గెట్ పేపర్లు ఆ డీలర్ దగ్గరే అప్పు మీద తెస్తారు. ఆయనతో ఎందుకు పెట్టుకుంటారు? ఓ-రింగ్ గొడవ కాదు సార్ ఇది. 8 వారాలు పిస్టల్ లేకుండా కూర్చోమంటే, కనీసం లోనర్ (అప్పటిదాకా వాడుకోడానికి వేరే పిస్టల్) ఇవ్వాలి కదా?

షూటర్_అమ్మ:
లోనర్ అడగడం న్యాయమే. వారంటీ కాగితంలో లేకపోతే మాత్రం దయ మీదే.

పదిన్నర:
ఆ ధరలో సర్వీసు ఉందని మీరు అనుకున్నారు. సుంకం, రవాణా, మార్జిన్ ఉన్నాయి. సర్వీసు లేదు.

రాణీగంజ్_రింగు:
లేనప్పుడు విప్పొద్దని చెప్పే హక్కు కూడా లేదు.

బిల్లుకాగితం:
హక్కు వేరు, రుజువు వేరు. ఇంకెన్నిసార్లు చెప్పాలి?

లేన్_7:
సాయంత్రం సిలిండర్ విడిగా తీసి చూశాం. నింపి గంట ఆగాక 189, మూడు గంటలయ్యాక 187. కుంచెతో సబ్బు నురగ రాస్తే వాల్వ్ నోటి దగ్గర ఏమీ లేదు. ముందున్న ప్రెషర్ గేజ్ చుట్టూ మాత్రం చిన్న బుడగ, ఆగి ఆగి ఒకటి. వీడియో తీశాను. వెనక సైట్ స్క్రూ ఒకటి పావు చుట్టు వదులుగా ఉంది, బిగించాను.

పదిన్నర:
అయితే పిస్టల్ పంపక్కర్లేదు. పంపాల్సింది సిలిండరే. గాలి పూర్తిగా ఖాళీ చేసి పార్సిల్ చేయండి, నింపినది విమానంలో తీసుకోరు. మీ దగ్గర రెండో సిలిండర్ ఉంటే దాంతో ప్రాక్టీస్ కొనసాగించండి.

బిల్లుకాగితం:
సీరియల్ నంబర్ కనబడేలా ఇంకో వీడియో తీయండి. గేజ్ మాత్రం తిప్పకండి.

రాణీగంజ్_రింగు:
గేజ్ నేను కూడా తిప్పను. 200 బార్ వెనకాల ఉన్నప్పుడు అది మూత కాదు, తూటా.

షూటర్_అమ్మ:
రెండో సిలిండర్ తేదీ కూడా చూసుకోండి.