పసితనంలో బాప్తిస్మం పొందిన బిడ్డకు కన్ఫర్మేషన్ ఎందుకు?

జయపురం అమ్మ: అందరికీ వందనాలు. మాది కొరాపుట్ జిల్లా జయపురం, లూథరన్ సంఘం. పాపకు నెలల వయసులోనే బాప్తిస్మం ఇప్పించాం. ఇప్పుడు పద్నాలుగేళ్లు, కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక తన విశ్వాసాన్ని సంఘం ఎదుట తానే ఒప్పుకోవడం) పాఠాలకు వెళుతోంది. పర్లాకిమిడిలో ఉండే మా ఆడపడుచు వాళ్లు బాప్టిస్టులు. ఊహ తెలియనప్పుడు ఇచ్చినది లెక్కలోకి రాదు, నీటిలో మునిగి మళ్లీ తీసుకోవాలని అంటున్నారు. “నా బాప్తిస్మం చెల్లదా అమ్మా?” అని పాప అడుగుతోంది. మీ ఇళ్లలో ఏం చెప్పారో రాయండి.

గజపతి విశ్వాసి: మాదీ పర్లాకిమిడే, బాప్టిస్టు సంఘమే. మీ ఆడపడుచు మాట మా నమ్మకమే. రోమా పత్రిక 6వ అధ్యాయంలో బాప్తిస్మమంటే క్రీస్తుతో పాతిపెట్టబడి, ఆయనతో కూడా కొత్త జీవితంలో నడవడమని ఉంది. ఆ నడక బిడ్డ తానే కోరుకోవాలని మేము పసివాళ్లకు ప్రతిష్ఠ ప్రార్థన మాత్రమే చేస్తాం. అయినా పాప మనసు కలవరపడేలా మాట్లాడటం నాకు నచ్చలేదు. మా పిల్లలు నీళ్లలోకి దిగే ముందు సంఘం ఎదుట చేసే ఒప్పుకోలునే మీ పాప కన్ఫర్మేషన్ రోజున చేస్తుంది కదా!

రాయగడ కతోలిక: మా కోడలు లూథరన్ కుటుంబం నుంచే వచ్చింది. మా ఫాదరు గారు ఆమెకు మళ్లీ జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వలేదు. నీటితో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో పొందినది ఒక్కసారే, అది చెరిగిపోదు అన్నారు. విశ్వాస ప్రమాణం చేయించి భద్రమైన అభ్యంగనం (తైలం పూసి ఇచ్చే మా కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం (ప్రభువు రొట్టె) ఇచ్చారు.

జ్ఞానస్నానం, అభ్యంగనం అనే ఈ రెండు సంస్కారాలు ఎందుకు విడిపోయాయో ఆయనే చెప్పారు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో సమరయలో బాప్తిస్మం పొందినవారి దగ్గరకు పేతురు, యోహాను వెళ్లి చేతులుంచితే వాళ్లు పరిశుద్ధాత్మను పొందారు. తర్వాత సంఘాలు పల్లెలకు పాకాయి, బిషప్పు అన్నిచోట్లకూ వెళ్లలేకపోయారు. తూర్పు సంఘాలు బిషప్పు ఆశీర్వదించిన తైలంతో గురువే (ఫాదరే) వెంటనే, పసిబిడ్డకైనా అభ్యంగనం చేసే పద్ధతి పెట్టుకున్నాయి. పడమటి సంఘం బిషప్పు వచ్చేదాకా ఆగింది. ఇది మాకు బాగా అర్థమవుతుంది. 2016లో రాయగడ మేత్రాసనం (బిషప్పు పాలించే ప్రాంతం) ఏర్పడేవరకు మాకు బిషప్పు గారు బరంపురం నుంచి రావాలి! పెద్దవాళ్లయ్యాక విశ్వాసంలోకి వచ్చేవారికి మాత్రం ఈస్టర్ జాగరణ రాత్రే జ్ఞానస్నానం, అభ్యంగనం, సత్ప్రసాదం మూడూ ఇస్తారు.

కొరాపుట్ సంఘపెద్ద: అమ్మా, మన లూథరన్లలో కన్ఫర్మేషన్ సంస్కారం కాదు. బాప్తిస్మంలో ఏ కొరతా లేదు కనుక దానికి కలపవలసింది లేదు. అక్కడ దేవుడు ముందుగా మాట ఇచ్చాడు, ఇప్పుడు పాప ఆ మాటను తెలిసి పట్టుకుంటుంది. అందుకే లూథర్ 1529లో రాసిన చిన్న కాటెకిజం (ప్రశ్నలు జవాబుల రూపంలోని విశ్వాస పాఠాల పుస్తకం) నేర్పుతాం. పిల్లలు దాన్ని బట్టీపట్టి అప్పజెప్పడం చూస్తే నాకు బాధ. బాప్తిస్మం మీది పాఠం ఒక్కటైనా ఇంట్లో తెలుగులో కూర్చుని మాట్లాడండి.

బరంపురం అక్క: మా చెల్లెలు కటక్‌లో సి.ఎన్.ఐ. (చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా) సంఘంలో ఉంది. 1970లో వేర్వేరు సంఘాలు ఏకమై అది ఏర్పడినప్పుడు బాప్టిస్టులూ చేరారు. పసివాళ్లకు బాప్తిస్మం, పెద్దయ్యాక బాప్తిస్మం రెండూ అక్కడ చెల్లుతాయి. ఒకే ప్రభువు బల్ల దగ్గర కూర్చుంటారు.

జయపురం అమ్మ: అందరికీ కృతజ్ఞతలు. నీ బాప్తిస్మం చెల్లుతుందని పాపకు ఈ రాత్రే చెబుతాను. ఆడపడుచును కన్ఫర్మేషన్‌కు తప్పక పిలుస్తాను. సంఘపెద్ద గారూ, పాఠాలన్నీ ఒడియాలోనే జరుగుతున్నాయి, తెలుగు కాటెకిజం మీ దగ్గర ఉంటే చెప్పండి.