బంతి ఆలస్యంగా వదిలే కుర్రాణ్ణి క్వార్టర్‌బ్యాక్‌గా ఎలా తీర్చిదిద్దాలి?

ప్రశ్న – హనుమకొండ వ్యాయామ అధ్యాపకుడు

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాలలో వ్యాయామ విద్య బోధిస్తాను. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను (ఎదుటివాణ్ణి పడగొట్టకుండా నడుముకు కట్టిన జెండా లాగి ఆపే అమెరికన్ ఫుట్‌బాల్) చేర్చారని తెలిసిన తర్వాత, ఐదుగురు చొప్పున ఆడే ఆ ఆటను మా పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను. మా క్వార్టర్‌బ్యాక్, అంటే సహచరులకు బంతి విసిరేవాడు, మొన్నమొన్నటి వరకు క్రికెట్ ఆడినవాడు; బౌండరీ దగ్గర నుంచి వికెట్ల మీదికి నేరుగా విసరగలడు, చేతిలో సత్తువకు కొదవ లేదు. అయితే రిసీవర్ (బంతి అందుకునేవాడు) ఖాళీగా దొరికాడని కళ్లారా చూసి రూఢి చేసుకున్న తర్వాతే బంతి వదులుతున్నాడు, అది చేరేలోపు ఎదుటి జట్టువాడు వచ్చి అడ్డం పడుతున్నాడు. "ముందే వెయ్యిరా" అని నేను అరిచిన కొద్దీ మరింత తడబడుతున్నాడు. అమెరికా కళాశాలల్లో ఈ ఒక్క స్థానానికే ప్రత్యేకంగా కోచ్‌ను పెడతారు కదా, ఆయన మొదట ఏం నేర్పుతాడు?

సమాధానం 1 – జమ్మికుంట వాసి, ప్రస్తుతం కొలంబస్

సార్, నేను కోచ్‌ను కాను. ఒహాయోలో ఉంటూ శనివారాలన్నీ ఈ ఆటకే అప్పగించినవాణ్ణి. ఇక్కడ మొదట నేర్పేది పాదాల లెక్క. మూడడుగులు వెనక్కి వేస్తే ఐదారు గజాల రూట్ (రిసీవర్ పరుగెత్తే దారి), ఐదడుగులు వేస్తే పది పన్నెండు గజాల రూట్ అని జత కడతారు. చివరి అడుగు నేలకు ఆనిన క్షణానే బంతి బయలుదేరాలి. చాలాసార్లు అప్పటికి రిసీవర్ ఇంకా ఇటు తిరిగి ఉండడు. మొదటివాడు దొరకకపోతే చిన్న అడుగుతో రెండోవాడి వైపు, ఇంకో అడుగుతో మూడోవాడి వైపు తిరగాలి. ఎవరిని ఏ వరుసలో చూడాలో ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి మీ కుర్రాడిలాగా వెతుక్కోవలసిన పని ఉండదు.

క్వార్టర్‌బ్యాక్ జో బరో సంగతే చూడండి. మా ఊరి ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎక్కువకాలం బెంచీ మీదే కూర్చొని, 2018లో ఎల్‌ఎస్‌యూకు (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వెళ్లిపోయాడు. ఆ ఏడాది 16 టచ్‌డౌన్ పాస్‌లు (నేరుగా స్కోరు తెచ్చిన విసుర్లు) వేసినవాడు 2019లో 60 వేశాడు. విసిరిన బంతుల్లో చేరినవి 57.8 శాతం నుంచి 76.3 శాతానికి పెరిగాయి. ఏడాదిలో చెయ్యి అంత మారదు కదా. జో బ్రేడీ అనే యువ కోచ్ వచ్చాక ఐదుగురినీ రూట్లకు పంపి బంతిని త్వరగా వదిలించే పద్ధతి తెచ్చారు, డిఫెన్స్‌ను చదివే నేర్పు బరోకు అప్పటికే ఉంది. తండ్రి డిఫెన్స్ కోచ్ కావడం వల్ల ఆ చదువు ఇంట్లోనే మొదలైందని నా నమ్మకం.

ఇంకొక మాట. 2024 నుంచి ఇక్కడ పెద్ద కళాశాలల ఆటల్లో కోచ్ హెల్మెట్‌లోని రేడియో ద్వారా మాట్లాడవచ్చు. కానీ ప్లే క్లాక్‌లో (తర్వాతి ఎత్తు మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు చూపే గడియారం) 15 సెకన్లు మిగిలేసరికి అది తెగిపోతుంది. ఆ తర్వాత కుర్రాడు ఒంటరివాడే. మీరు గట్టు మీద నుంచి అరవడం మానేస్తే మంచిది, ఏమనుకోకండి.

సమాధానం 2 – వాలీబాల్ కోచ్, వరంగల్

జమ్మికుంట తమ్ముడు చెప్పింది బాగుంది కానీ, చెయ్యి సంగతి పూర్తిగా పక్కన పెట్టడం సరికాదు. క్రికెట్ ఫీల్డర్ బంతిని తొడ దాకా దించి, చేతిని వెనక్కి బారుగా చాచి విసురుతాడు. ఆ సుదీర్ఘమైన ఊపుకే సగం సమయం పోతుంది. క్వార్టర్‌బ్యాక్ రెండు చేతులతో బంతిని ఛాతీ దగ్గర పట్టుకొని, అక్కడి నుంచే చెవి పక్కకు ఎత్తి వదలాలి. మీ కుర్రాణ్ణి ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీసి చూడండి, బంతి నడుము కిందికి దిగుతుంటే జాడ్యం అక్కడే ఉంది.

చూపు కోసం నేను సెట్టర్లకు (వాలీబాల్‌లో కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చేవాళ్లు) చేయించే సాధన ఒకటి చెబుతాను. బంతి అందుకునేవాడి వెనక ఒకణ్ణి నిలబెట్టి వేళ్లు చూపించమనండి. మీవాడు వెనక్కి అడుగులు వేస్తూనే ఆ అంకెను పైకి చెప్పి బంతి వేయాలి. మొదటి రోజు అంకె చెబితే బంతి తప్పుతుంది, బంతి చేరితే అంకె తప్పుతుంది. కంగారుపడకండి.

సమాధానం 3 – కాజీపేట

రెండో కుర్రాణ్ణి కూడా సిద్ధం చేయండి. 2018 జనవరిలో కళాశాలల ఫైనల్‌లో జార్జియా మీద అలబామా యూనివర్సిటీ సగం ఆటకు 0–13తో వెనకబడినప్పుడు, క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ను కూర్చోబెట్టి, టువా టాగోవైలోవాను దించి గెలిచింది. అదే ఏడాది డిసెంబరులో టువా గాయపడితే హర్ట్సే దిగి, అదే జార్జియా మీద గెలిపించాడు. బెంచీ మీద ఉన్నన్నాళ్లూ సాధన అందినవాడు కాబట్టే అది సాధ్యమైంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వీడియో తీశాను, బంతి తొడ దాకా దిగుతున్న మాట నిజమే. ఈ ఉదయం అరవకుండా, మూడో అడుగుకు చప్పట్లు మాత్రం కొట్టాను. ఐదారు బంతులు నేలపాలైన తర్వాత ఒకటి సరిగ్గా సమయానికి వెళ్లింది, కానీ రిసీవర్ ఇంకా తిరగకపోవడంతో అతని వీపుకు తగిలింది. ఇప్పుడు ఆ రిసీవర్ నా మీద అలిగి కూర్చున్నాడు. రేపటి నుంచి అతనికీ అడుగుల లెక్క మొదలుపెడుతున్నాను.