లీడ్ మెయింటెయినర్‌గా తప్పుకుంటున్నాను: తాళాలు ఏ వరసలో అప్పగించాలి?

గడపలో_కమిటర్

ఓ మోస్తరు వాడకం ఉన్న పైథాన్ లైబ్రరీకి నేను లీడ్ మెయింటెయినర్‌ని, అంటే దాని నిర్వహణలో తుది బాధ్యత నాది. దాని లీడ్ బాధ్యత 3 నెలల్లో పూర్తిగా వదిలేయాలని నిర్ణయం అయిపోయింది. వదలాలా వద్దా అన్న చర్చ వద్దు, ఎలా వదలాలో చెప్పండి చాలు.

ఇప్పటి పరిస్థితి ఇదీ. రిపో (కోడ్ ఉండే చోటు) గిట్‌హబ్‌లో నా సొంత ఖాతా కింద ఉంది, ఆర్గనైజేషన్ లేదు. పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐలో ఓనర్‌ని నేనొక్కణ్నే. రిలీజ్ సీఐ (కోడ్‌ని తనంతట తానే పరీక్షించి తయారుచేసే వ్యవస్థ) నుంచి నా ఏపీఐ టోకెన్‌తో (పాస్‌వర్డ్ లాంటిది) వెళ్తుంది. డాక్స్ సైటు డొమైన్ నా పేరు మీద ఉంది, నా కార్డు మీద రెన్యూ అవుతుంది. కమిట్ హక్కులు (కోడ్ మార్చే హక్కులు) నాతో కలిపి నలుగురికి ఉన్నా, క్రమం తప్పకుండా రివ్యూ చేసేది ఇద్దరే. వాళ్లెవరూ ఇంతవరకు రిలీజ్ చేయలేదు. ఇష్యూలు 300 దాకా, పుల్ రిక్వెస్టులు (చేర్చుకోమని బయటివాళ్లు పంపిన మార్పులు) 40 దాకా తెరిచి ఉన్నాయి. సెక్యూరిటీ రిపోర్టులు నా సొంత మెయిల్‌కే వస్తాయి.

నాలుగు సందేహాలు: ముందు ప్రకటించాలా, అప్పగించాక ప్రకటించాలా? వారసుణ్ని నేనే ఎంచాలా? అత్యవసరానికని అడ్మిన్ హక్కు ఒకటి ఉంచుకోవచ్చా? కొత్తగా వచ్చిన ఒకరు 5 నెలలుగా మంచి ప్యాచ్‌లు పంపుతున్నారు, మొత్తం తానే చూసుకుంటానంటున్నారు. ఇచ్చేయొచ్చా?

తాళాల_గుత్తి

ప్రకటన సంగతి తర్వాత, ముందు జాబితా రాయండి. మీ పేరు మీద ఉన్నవి, మీ ఫోన్‌కి కోడ్ వచ్చేవి, మీ కార్డు మీద నడిచేవి అన్నీ ఒకచోట పెట్టండి. రిపో, పైపీఐ ఎవరికైనా గుర్తొస్తాయి. మరిచిపోయేవి వేరే: డీఎన్‌ఎస్ ఖాతా (డొమైన్ పేరుని సర్వర్‌కి కలిపేది, డొమైన్ కొన్నచోటే ఉండాలని లేదు), డాక్స్ హోస్టింగ్, టెస్టు కవరేజీ సేవ టోకెన్, చాట్ సర్వర్ ఓనర్‌షిప్, మెయిలింగ్ లిస్టు అడ్మిన్, ట్యాగ్‌ల (రిలీజ్ వెర్షన్ గుర్తుల) మీద సంతకం చేసే జీపీజీ కీ, విరాళాల పేజీ. ఒక్కోదాని పక్కన మూడు గళ్లు గీయండి: ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఎవరికి వెళ్లాలి, అది పోతే ఏది ఆగిపోతుంది. మూడో గడి నింపుతుంటేనే వరస తేలుతుంది.

మీకున్నది 3 నెలలే కాబట్టి డొమైన్‌తో మొదలుపెట్టండి. ఒకే రిజిస్ట్రార్‌లో (డొమైన్లు అమ్మే సంస్థ) ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మార్చడం తేలిక. వేరే రిజిస్ట్రార్‌కి వెళ్లాలంటే లాక్ తీయాలి, ఆథ్ కోడ్ (బదిలీకి అనుమతి కోడ్) తీసుకోవాలి. ఈమధ్యే రిజిస్టర్ చేసినా, బదిలీ చేసినా 60 రోజుల లాక్ అడ్డొస్తుంది. కొన్నిచోట్ల యజమాని వివరాలు మార్చినా అదే లాక్ పడుతుంది. అందుకే బదిలీ ముందు, వివరాల మార్పు తర్వాత.

డొమైన్‌ని చిన్నచూపు చూడొద్దు. 2022 మేలో పైపీఐలోని సీటీఎక్స్ ప్యాకేజీ చేతులు మారిపోయింది అలాగే. మెయింటెయినర్ మెయిల్ ఉన్న డొమైన్ గడువు తీరింది, దాన్ని వేరొకరు కొన్నారు, పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ తమకే తెప్పించుకున్నారు. మీ పైపీఐ ఖాతా మెయిల్ ఆ ప్రాజెక్టు డొమైన్ మీదే ఉంటే ఇవాళే మార్చేయండి.

తర్వాత రిపో. సొంత ఖాతా కింద ఉన్నంతకాలం ఇంకొకరికి అడ్మిన్ ఇవ్వడం కుదరదు, కొలాబరేటర్‌గా చేర్చడం వరకే. ఆర్గనైజేషన్ తెరవండి, కనీసం ఇద్దరు ఓనర్లను పెట్టండి, అప్పుడు రిపో ట్రాన్స్‌ఫర్ చేయండి. ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు, వికీ, స్టార్లు అన్నీ వెంట వస్తాయి. పాత లింకులు కొత్త చోటికి మళ్లుతాయి. అయితే మీ ఖాతాలో అదే పేరుతో మళ్లీ రిపో పెట్టినా, అదే పేరుతో ఫోర్క్ (నకలు) చేసుకున్నా ఆ మళ్లింపు శాశ్వతంగా పోతుంది. ఫోర్క్ కావాలంటే పేరు మార్చి పెట్టుకోండి. గిట్‌హబ్ పేజెస్ (రిపో నుంచి నడిచే వెబ్‌సైటు) చిరునామాకు మాత్రం మళ్లింపు ఉండదు. మీ డాక్స్‌కు సొంత డొమైన్ ఉంది కాబట్టి ఆ తలనొప్పి లేదు.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: సీక్రెట్లు (సీఐ కోసం రిపోలో దాచిన టోకెన్లు) కూడా రిపోతో పాటే వస్తాయి. అంటే ట్రాన్స్‌ఫర్ అయ్యాక కూడా మీ టోకెన్‌తోనే రిలీజ్ సాఫీగా నడుస్తుంది, అంతా అయిపోయిందనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత మీరు పాత టోకెన్లు తుడిచేసిన రోజున, ఏదో అర్జెంటు రిలీజ్ మధ్యలో సీఐ చచ్చిపోతుంది. టోకెన్ బదులు పైపీఐ ట్రస్టెడ్ పబ్లిషింగ్‌కి మారండి. అది రిపో ఓనర్ పేరు, రిపో పేరు, వర్క్‌ఫ్లో ఫైలు పేరు చూసి నమ్ముతుంది. కాబట్టి ట్రాన్స్‌ఫర్ ముగిశాక కొత్త పేరుతో పెట్టండి. ముందే పాత పేరుతో పెట్టి ఉంటే మళ్లీ నమోదు చేయక తప్పదు.

పైపీఐలో ఓనర్, మెయింటెయినర్ అని రెండు పాత్రలు. మెయింటెయినర్ ఫైళ్లు ఎక్కించగలరు, మనుషుల్ని చేర్చలేరు. మీరు వెళ్లాక కనీసం ఇద్దరు ఓనర్లు మిగలాలి. ఆహ్వానం పంపి ఊరుకోకుండా, ఒప్పుకున్నారో లేదో జాబితాలో చూసుకోండి.

రిలీజ్_డ్యూటీ

పైన చెప్పినవన్నీ చేసినా చేతిలో పెట్టింది తాళాలే. ఇల్లు ఎలా నడుస్తుందో వాళ్లకింకా తెలియదు. మీ పోస్టులో నన్ను భయపెట్టిన వాక్యం "వాళ్లెవరూ రిలీజ్ చేయలేదు" అన్నది.

ఈ 3 నెలల్లో 3 రిలీజ్‌లు పెట్టుకోండి. పెద్దవి అక్కర్లేదు, బగ్ ఫిక్స్ రిలీజ్‌లు చాలు. మొదటిది మీరే చేయండి, వాళ్లు చూస్తూ ప్రతి అడుగూ రాసుకోవాలి. రాసేది మీరు కాకూడదు. మీకు అలవాటైపోయిన అడుగులు మీ కంటికి ఆనవు. రెండోది ఆ కాగితం చూసి వాళ్లు చేస్తారు, మీరు నోరు మెదపకుండా చూడాలి. ఎక్కడ ఆగి మీ వైపు చూశారో అక్కడ కాగితంలో అడుగు తప్పిపోయిందన్నమాట. మూడోదానికి మీరు అందుబాటులోనే ఉండొద్దు. అది బయటికెళ్లాక రిలీజ్ హక్కు మీ దగ్గర ఉండాల్సిన పని లేదు.

రెండోసారి టెస్ట్‌పైపీఐ (సాధన కోసం ఉన్న పైపీఐ) మీద ఒకసారి నడిపి ఆ తర్వాత అసలుది చేయించండి. ఒకసారి ఎక్కిన ఫైలుని తీసేసినా అదే పేరుతో మళ్లీ ఎక్కించనివ్వదు పైపీఐ. కొత్తవాళ్లు కంగారులో డిలీట్ కొట్టి ఇరుక్కునేది ఇక్కడే. పాడైన రిలీజ్‌ని యాంక్ చేయాలి, కొత్త వెర్షన్ నంబరుతో ఇంకోటి వదలాలి. యాంక్ చేసినదాన్ని పిప్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే సాధనం) తనంతట తాను ఎంచుకోదు, ఖచ్చితంగా ఆ నంబరే రాసుకున్నవాళ్లకి మాత్రం దొరుకుతుంది. ఇది ఆ కాగితంలో ఉండాలి.

300 ఇష్యూలు మూసేసి వెళ్లాలని చూడకండి. వాటిలో మీరు మాట ఇచ్చినవి ఏవో వెతకండి: "వచ్చే రిలీజ్‌లో చేర్చుతాం", "ఈ ఫంక్షన్ 3.0లో తీసేస్తాం" లాంటివి. వాటికి ఒక లేబుల్ పెట్టండి. వారసులు ఆ మాట నిలబెట్టుకుంటారో వెనక్కి తీసుకుంటారో వాళ్ల ఇష్టం, కానీ మాట ఉందని వాళ్లకి తెలియాలి. 40 పుల్ రిక్వెస్టుల్లో మీరు మొహమాటానికి "కాదు" అనలేక నాన్చినవి ఉంటాయి. ఆ "కాదు" మీరే అనేసి వెళ్లండి. కొత్తవాళ్ల మొదటి నెల ఆ చెడ్డపేరుతో మొదలుకాకూడదు.

సెక్యూరిటీ మెయిల్ వెంటనే మార్చండి. ఇద్దరికి చేరే ఉమ్మడి చిరునామా పెట్టి, గిట్‌హబ్‌లో ప్రైవేట్ వల్నరబిలిటీ రిపోర్టింగ్ (లోపాలను గుట్టుగా తెలిపే సదుపాయం) ఆన్ చేయండి, సెక్యూరిటీ ఫైలులో పాత చిరునామా తీసేయండి. ఇంకా బయటపెట్టని రిపోర్ట్ ఏదైనా నడుస్తుంటే దాన్ని విడిగా, రిపోర్ట్ పంపినవారికి చెప్పి అప్పగించాలి. మీ ఇన్‌బాక్స్‌లో మిగిలిపోయిన ఒక్క రిపోర్ట్ మిగతా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు చేస్తుంది.

కోరం_చాలదు

రెండో ప్రశ్నకి, అంటే వారసుణ్ని మీరే ఎంచాలా అన్నదానికి. పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రాసమ్ 2018 జులైలో, పెప్ 572 (పైథాన్‌లో మార్పుల ప్రతిపాదనలను పెప్ అంటారు) మీద జరిగిన వాదోపవాదాల తర్వాత, పైథాన్ పెద్దరికం వదిలేశారు. వారసుణ్ని ప్రకటించలేదు, పద్ధతి మీరే తేల్చుకోండన్నారు. పాలన ఎలా ఉండాలని 8010 నుంచి 8016 దాకా ఏడు పెప్‌లు వచ్చాయి. డిసెంబరులో ఓటింగ్‌లో 8016 నెగ్గింది, 2019 మొదట్లో అయిదుగురి స్టీరింగ్ కౌన్సిల్ ఎన్నికైంది. గీడో కూడా అందులో ఒక సభ్యుడే. మంచి ముగింపే, కానీ మధ్యలో అర్ధ సంవత్సరం పాటు భాష మీద తుది మాట చెప్పేవారు లేరు. అంతమంది కోర్ డెవలపర్లున్న పైథాన్ తట్టుకుంది. నలుగురున్నచోట అలా వదిలితే ప్రాజెక్టు ఆగిపోతుంది.

అందుకని మనిషిని కాదు, పద్ధతిని మీరు ఎంచండి. గవర్నెన్స్ ఫైలు (ప్రాజెక్టు పాలన నియమాలు) ఒక పేజీ చాలు. మాట కలవనప్పుడు ఎవరు తేలుస్తారు, కొత్తవారిని ఎవరి అంగీకారంతో చేర్చుతారు, ఎన్ని నెలలు కనిపించకపోతే హక్కులు తీసేస్తారు, లీడ్ పదవీకాలం ఎంత. చివరిది తప్పకుండా రాయండి. లినక్స్ పంపిణీ అయిన డెబియన్‌లో ప్రాజెక్టు లీడర్‌ని ఏటా ఎన్నుకుంటారు, అక్కడ దిగిపోవడం ఒక వార్త కాదు. గడువు లేని పదవి నుంచి దిగుతుంటేనే అందరూ "ఏం గొడవైంది" అని అడుగుతారు.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది కలిపేస్తారు. పదవి అప్పగిస్తే కాపీరైట్ వెళ్లిపోదు. మీరు రాసిన కోడ్ మీదే, మిగతావాళ్లు రాసింది వాళ్లదే, అందరూ లైసెన్స్ కింద వాడుకుంటున్నారు. రేపు కొత్త బృందం లైసెన్స్ మార్చాలనుకుంటే మీ సమ్మతి అడగాల్సి రావచ్చు. చేరుకోగల మెయిల్ ఒకటి వాళ్లకి ఇచ్చి వెళ్లండి. స్పాన్సర్‌షిప్ మీ సొంత ఖాతా మీద ఉంటే అది రిపో వెంట రాదు. డబ్బిచ్చేవాళ్లకి మీరే చెప్పి ఆపించాలి, లేకపోతే మానేసిన పనికి డబ్బు పడుతూనే ఉంటుంది.

కంచె_చేను

నాలుగో ప్రశ్నకి, అంటే ఆ కొత్తవారికి మొత్తం ఇచ్చేయొచ్చా అన్నదానికి, సూటిగా: ఇవ్వొద్దు. ఆ వ్యక్తి మీద అనుమానంతో కాదు, ఒక్కరికే మొత్తం ఇవ్వడమే తప్పు.

2018లో ఈవెంట్‌స్ట్రీమ్ అనే ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్‌కి పైపీఐ లాంటిది) ప్యాకేజీ అలాగే చేతులు మారింది. అడిగినవారికి పబ్లిష్ హక్కు ఇచ్చారు. కొత్త వ్యక్తి ఫ్లాట్‌మ్యాప్‌స్ట్రీమ్ అనే డిపెండెన్సీ (ప్యాకేజీ ఆధారపడే ఇంకో ప్యాకేజీ) చేర్చారు, దానిలో కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్‌ని దోచే కోడ్ వచ్చి చేరింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సంగతి (భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2024-3094) ఇంకా ఓపికైన పని. దాడి చేసినవారు రెండేళ్లకు పైగా బుద్ధిగా ప్యాచ్‌లు పంపారు. ఒంటరి మెయింటెయినర్ అలసిపోయి ఉన్నాడు, వేరే పేర్లతో "పనులు కదలట్లేదు, ఇంకొకరికి ఇవ్వండి" అన్న ఒత్తిడి వచ్చింది. చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగదారి). 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టారు, అదీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని తవ్వబట్టి. కంచే చేను మేసిందంటే ఇదే. 5 నెలల మంచి ప్యాచ్‌లు దేనికీ రుజువు కావు.

ఎక్స్‌జెడ్‌లో గమనించాల్సింది, దాడిని నడిపించే బిల్డ్ స్క్రిప్టు ముక్క గిట్‌లో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లోనే (విడుదల చేసే సోర్స్ మూట) ఉంది. అంటే కమిట్‌లు ఎంత రివ్యూ చేసినా కనబడదు. కాబట్టి మీ దగ్గర టార్‌బాల్, వీల్ (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా ఉన్న ప్యాకేజీ) రెండూ ట్యాగ్ నుంచి సీఐలోనే తయారవ్వాలి, ఎవరి లాప్‌టాప్ నుంచీ ఎక్కకూడదు. గిట్‌హబ్‌లో రిలీజ్ జాబ్‌కి ఎన్విరాన్‌మెంట్ (జాబ్ నడిచే ముందు దాటాల్సిన షరతులు) పెట్టి, తప్పనిసరి రివ్యూయర్‌ని చేర్చి, తన రిలీజ్‌ని తానే ఆమోదించుకోలేని సెట్టింగ్ ఆన్ చేయండి. ట్రస్టెడ్ పబ్లిషర్‌లో కూడా అదే ఎన్విరాన్‌మెంట్ పేరు రాయండి, లేకపోతే వేరే జాబ్ దొడ్డిదారిన పబ్లిష్ చేయగలదు. మెయిన్ బ్రాంచ్‌కీ ట్యాగ్‌లకీ రూల్‌సెట్ (ఎవరు ఏం మార్చవచ్చో చెప్పే నియమాలు) ఉండాలి.

ఆ ఉత్సాహవంతుడికి ముందు ట్రయాజ్ పాత్ర (ఇష్యూలు సర్దడం వరకే), కొన్నాళ్లకు రైట్ (కోడ్ మార్చే హక్కు). పబ్లిష్, ఓనర్ మాత్రం గవర్నెన్స్ ఫైలు చెప్పినప్పుడే. నిజంగా పని చేయడానికి వచ్చినవారికి ఇది అడ్డు కాదు.

రెండు నెలలైనా ఇద్దరు కుదరకపోతే మూసేయడం మర్యాదైన పనే. ఆఖరి రిలీజ్‌లో "ఇనాక్టివ్" క్లాసిఫయర్ (ప్యాకేజీ స్థితి తెలిపే గుర్తు) పెట్టండి, రీడ్‌మీ మొదటి వాక్యంలో సంగతి రాయండి, రిపోనీ పైపీఐ ప్రాజెక్టునీ ఆర్కైవ్ చేయండి. డిలీట్ వద్దు, వాడేవాళ్ల బిల్డ్‌లు కూలిపోతాయి.

గడపలో_కమిటర్

అందరికీ ధన్యవాదాలు. అడ్మిన్ హక్కు ఉంచుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. ప్రకటన ఎప్పుడో కూడా.

తాళాల_గుత్తి

ఉంచుకోవద్దు. వాడని అడ్మిన్ ఖాతా దొంగకి తెరిచిన కిటికీ. పైగా మీ చేతిలో హక్కుందని తెలిసినంతకాలం ప్రతి తగాదా మీ దగ్గరికే వస్తుంది.

రిలీజ్_డ్యూటీ

నేనంత కఠినంగా అనను. మూడో రిలీజ్ తర్వాత 30 రోజులు ఓనర్‌గా ఉండండి, ఆ తేదీ ఇష్యూగా తెరిచి ఇంకొకరికి అసైన్ చేయండి. ఆ రోజు మిమ్మల్ని తీసేసేది వాళ్లు. మీరే తీసుకోవాలంటే "ఈ వారం కాదులే" అనిపిస్తుంది. ఆ 30 రోజులు 3 నెలల లోపలే పడాలి కాబట్టి మూడో రిలీజ్ రెండో నెల చివరికి అయిపోవాలి.

ప్రకటన రెండో రిలీజ్ అయ్యాక. అప్పటికి పేర్లు రాయగలరు: రిలీజ్ ఎవరు, సెక్యూరిటీ ఎవరు, తుది మాట ఎవరిది, మీరు ఏ తేదీ నుంచి ఉండరు. "అప్పుడప్పుడు చూస్తుంటాను" అని మాత్రం రాయకండి, ఆ ఒక్క మాట పట్టుకుని అందరూ మిమ్మల్నే ట్యాగ్ చేస్తారు. కోడ్‌ఓనర్స్ ఫైలులోంచి మీ పేరు తీయడం మర్చిపోవద్దు, లేకపోతే ప్రతి పుల్ రిక్వెస్టు మీ రివ్యూ అడుగుతూనే ఉంటుంది.

తాళాల_గుత్తి

30 రోజులకి ఒప్పుకుంటాను, ఆ తేదీ రాసి ఉంటే. డొమైన్ లాక్ ఎప్పటిదాకా ఉందో మాత్రం ఇవాళే చూసుకోండి, మీ 3 నెలల లెక్కని తారుమారు చేయగలిగింది అదొక్కటే.